ఊరికే డబ్బులొస్తే జనం పని మానేస్తారా? ముందు మన లెక్క చూసుకుని మాట్లాడదాం



ఈ మధ్య నలుగురు రైతులు ఎక్కడ కూర్చున్నా ఒకటే మాట వినపడతంది. "గవర్నమెంటు ఊరికే డబ్బులిచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేసేసింది. ఊడుపుకి పిలిస్తే ఒక్కరూ రారు. చెరుకు నరకడానికి మనిషి లేడు." రోలుగుంట టీ బడ్డీ దగ్గర ఇదే మాట, నర్సీపట్నం ఎరువుల షాపు దగ్గర ఇదే మాట, పెళ్ళి భోజనాల్లో కూడా ఇదే మాట. అంతమంది అంటన్నారంటే కాస్త నిజం ఉండే ఉంటాది. ఎంత నిజం ఉందో, ఎంత మన కోపమో లెక్క వేసి చూద్దామని ఈ పోస్టు రాస్తన్నాను. కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి.

నేనూ మీలాంటి వాడినే. రెండెకరాల పల్లం, ఎకరంనర గరువు. వరి, కొంచెం చెరుకు, గరువులో జీడిమామిడి. కూలీల కోసం తెల్లవారకముందే ఇల్లిల్లూ తిరిగేవాళ్ళలో నేనూ ఒకడిని. కాబట్టి కూలీల తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడతన్నాడు అనుకోవద్దు.

ముందుగా ఊరికే వచ్చే డబ్బు ఎవరికి వస్తందో చూద్దాం.

మొదట మనకే వస్తంది. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6,000, మూడు విడతలు. గత ప్రభుత్వంలో రైతు భరోసా పేరుతో దీంతో కలిపి 13,500 వచ్చేవి. ఇప్పుడు అన్నదాత సుఖీభవ కింద పీఎం కిసాన్‌తో కలిపి 20,000 అన్నారు. 2025 ఆగస్టు 2న మొదటి విడత 7,000 పడింది. ఈ డబ్బు కోసం మనం ఒక్క గంట పని చేశామా? లేదు. పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు ఉంది, ఈకేవైసీ అయింది, ఖాతాలో పడింది. అంతే.

మరి మనం సోమరులం అయిపోయామా? డబ్బులు పడ్డాయి కదా అని ఆ ఏడాది ఎవరైనా పొలం దున్నడం మానేశారా? మన మండలంలో అలాంటి రైతు ఒక్కడున్నా పేరు చెప్పండి. ఆ డబ్బులు ఎటు పోయాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. యూరియా, డీఏపీ, దమ్ము ట్రాక్టరు, ఊడుపు కూలి. నా మట్టుకు నాకు మొదటి విడత పడిన వారం రోజుల్లోనే పొలంలో కలిసిపోయింది. ఆ 7,000 లేకపోతే అదే పని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చేసేవాడిని.

మనకిస్తే పెట్టుబడి సాయం. పక్కింటి కూలి మనిషికి ఇస్తే ఉచితం, తాయిలం. మనకొస్తే పొలంలో పెడతాం, వాళ్ళకొస్తే తిని కూర్చుంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ళూ మనుషులే, మనమూ మనుషులమే. ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకి వెళ్ళలేం.

ఇప్పుడు రోజు లెక్క వేద్దాం. పీఎం కిసాన్ 6,000ని 365తో భాగిస్తే రోజుకి 16 రూపాయలు. అన్నదాత సుఖీభవ 20,000 అయితే రోజుకి 55. తల్లికి వందనం కింద ఒక బిడ్డకి 15,000, అందులో స్కూలు నిర్వహణకి 2,000 పోగా తల్లి ఖాతాలోకి 13,000. అంటే రోజుకి 36 రూపాయలు. ఇద్దరు పిల్లలుంటే 71. మన చుట్టుపక్కల ఊడుపుకి ఆడమనిషికి 400 దాకా ఇస్తన్నాం. మగ మనిషికి అంతకన్నా ఎక్కువే. రోజుకి 36 రూపాయలు వస్తన్నాయని 400 రూపాయల పనికి రాకుండా ఇంట్లో కూర్చునే ఆడమనిషి ఉంటాదా? వంటనూనె ధర తెలిసిన వాళ్ళు ఎవరూ ఆ మాట అనరు.

ఈ లెక్కలో కాస్త పెద్దది పింఛను ఒక్కటే. 2014కి ముందు 200 ఉండేది. తరవాత 1,000 అయింది, 2,000 అయింది, పెరుగుతూ 2024 జూలై నుంచి 4,000 అయింది. రోజుకి 133 రూపాయలు. దీని వల్ల పని మానేసిన వాళ్ళు ఉన్నారు. ఉన్నారని ఒప్పుకోవాలి. ఎవరు వాళ్ళు? అరవై దాటిన ముసలమ్మలు. మోకాళ్ళు అరిగిపోయి, నడుము వంగిపోయి, అయినా మనవరాలి పెళ్ళి అప్పు కోసమో, మందుల కోసమో మన మడిలో నీళ్ళలో నిలబడి నాట్లు వేసినవాళ్ళు. వాళ్ళు ఈరోజు ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తన్నారు. దీన్ని సోమరితనం అందామా? మన అమ్మ అయితే అంటామా? నలభై ఏళ్ళు ఊరి పొలాలన్నీ ఊడ్చిన మనిషికి 4,000 ఎక్కువైపోయిందని నా నోటితో నేను అనలేను.

తల్లికి వందనం వల్ల కూడా కొన్ని చేతులు తగ్గాయి. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. మన చిన్నప్పుడు కలుపు తీతకి, వేరుశనగ ఒలుపుకి పిల్లలు వచ్చేవారు, వాళ్ళకి సగం కూలి ఇచ్చేవారు. ఇప్పుడు వాళ్ళు బడికి వెళ్తన్నారు. మన పిల్లలు కూడా బడికే కదా వెళ్తన్నారు.

మరి మిగతా కూలీలు ఏమైపోయారు? ఊళ్ళో ఇల్లిల్లూ లెక్కపెట్టండి, దొరుకుతారు. కుర్రాళ్ళు అచ్యుతాపురం సెజ్‌లో ఉన్నారు, పరవాడ ఫార్మా కంపెనీల్లో ఉన్నారు. కొందరు హైదరాబాదులో మేస్త్రీ పనిలో ఉన్నారు. ఆడపిల్లలు నర్సీపట్నం బట్టల షాపుల్లో ఉన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక రానూ పోనూ చార్జీ మిగిలింది, దాంతో ఇంకొందరు వెళ్తన్నారు. ఇది కూడా ఉచిత పథకమే. దీని వల్ల పని మానేశారా, పనికి వెళ్ళారా? మన పనికి రాలేదు, అంతే. వాళ్ళు పొద్దున్న 6 గంటలకే బస్సు కోసం రోడ్డు మీద నిలబడతన్నారు. సోమరులు అలా నిలబడరు.

"మన పనికి రావట్లేదు" అన్న మాటకీ "పనే చెయ్యట్లేదు" అన్న మాటకీ చాలా దూరం ఉంది. మనం మొదటిది చూసి రెండోది అంటన్నాం.

ఈ మాట కొత్తది కూడా కాదు. 1983లో రామారావు గారు వచ్చాక రెండు రూపాయలకి కిలో బియ్యం పెట్టారు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మా ఊరి పెద్ద రైతులు రచ్చబండ దగ్గర అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఇంక కూలోడు పనిలోకి రాడు. ఇంట్లో బియ్యం ఉంటే మన గుమ్మం ఎందుకు తొక్కుతాడు?" ఆ తరవాత నలభై ఏళ్ళ పైన గడిచింది. అందరూ పని మానేశారా? ఈ రోడ్లు, ఈ ఇళ్ళు, విశాఖలో ఆ అపార్టుమెంట్లు ఎవరు కట్టారు? అప్పుడు ఆగిపోయింది వేరే ఒకటి ఉంది. అప్పటి దాకా కంబారిగా, పాలేరుగా ఏడాదికింత అని గింజలకి ఒప్పుకుని తెల్లారి నుంచి రాత్రి దాకా ఒకే ఇంట్లో పడి ఉండేవారు. అప్పు తీరేది కాదు, మనిషి కదిలేవాడు కాదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. కానీ ఇంట్లో గింజలు లేనివాడికి చట్టం ఏం చేస్తాది? ఇంట్లోకి బియ్యం వచ్చాక ఆ పద్ధతి ఊడిపోవడం మొదలైంది. పని మాత్రం ఆగలేదు.

నా ఉద్దేశం ఇక్కడే ఉంది. భరోసాగా నాలుగు డబ్బులు వస్తే మనిషి పని మానడు. గతిలేక చేసే పని మానతాడు. ఇంకొక దారి చూసుకుంటాడు. రేపటికి బియ్యం లేని మనిషి ఎంత ఇస్తే అంతకి వస్తాడు, ఎన్ని మాటలన్నా పడతాడు. వారం రోజులకి బియ్యం ఉన్న మనిషి "ఎంత ఇస్తావు? ఎన్ని గంటలకి వదిలేస్తావు?" అని అడుగుతాడు. మనకి కోపం వచ్చేది ఆ ప్రశ్నకే. దానికి మనం పెట్టిన పేరు సోమరితనం.

ఇక ఉపాధి హామీ సంగతి. చాలామంది దీన్ని కూడా ఉచితాల్లో కలిపేస్తన్నారు. అది కూలి. మట్టి తవ్వితే వచ్చే కూలి. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2025-26లో మన రాష్ట్రానికి రోజు కూలి 307 రూపాయలు. అదీ కొలత ప్రకారం పని అయితేనే. ఆ పని ఎక్కువగా జరిగేది వేసవిలో, మన పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు. కొలతలు సరిగా వెయ్యరని, రాని వాళ్ళకి కూడా మస్తరు వేస్తారని మనందరం చూస్తన్నాం. ఆ తప్పుని గట్టిగా అడగాల్సిందే. కానీ 307కి వెళ్ళే మనిషి మన 400కి రావట్లేదంటే ఆ తేడా ఏంటో మనం ఆలోచించుకోవాలి. అక్కడ ఉదయం వెళ్ళి ఎండ ముదరక ముందే వచ్చేస్తారు, నలుగురితో కలిసి చేస్తారు, ఎవరూ తిట్టరు. ఇక్కడ ఎప్పుడు వదిలేస్తామో మనకే తెలీదు.

2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం పాస్ చేసింది. 100 రోజులు 125 అవుతాయట. నాట్లు, కోతల సమయంలో 60 రోజుల దాకా ఆ పనులు ఆపుకోవచ్చట. మనలో చాలామంది ఇది విని సంతోషించారు. కూలి కష్టం నాకూ ఉంది కాబట్టి ఆ సంతోషం నాకు అర్థమవుతాది. కానీ ఒక్కటి ఆలోచించండి. వేరే పని మూసేస్తే మన దగ్గరకి వచ్చే మనిషి మనసుతో పని చేస్తాడా? ఆ 60 రోజులు ఊళ్ళో ఉండకుండా ఏ కాకినాడో, ఏ విజయవాడో వెళ్ళిపోతే ఏం చేస్తాం? మనిషిని కట్టేసి పని చేయించుకునే రోజులు పోయాయి. మళ్ళీ తెచ్చుకోలేం, తెచ్చుకోకూడదు కూడా.

సరే, ఇది మన ఊరి సంగతి. వేరేచోట్ల జనానికి భరోసాగా డబ్బులిచ్చి చూసినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్తాను. ఇది ఊహ మీద తేల్చుకునే విషయం కాదు కాబట్టి చెప్తన్నాను.

మధ్యప్రదేశ్‌లో 2011, 2012లో సేవా అనే మహిళల సంఘం యూనిసెఫ్ సాయంతో కొన్ని పల్లెల్లో ప్రతి మనిషికీ నెలనెలా డబ్బులిచ్చింది. పెద్దవాళ్ళకి మొదట 200, తరవాత 300. పిల్లలకి అందులో సగం. ఏ షరతూ లేదు, తిన్నా తాగినా అడిగేవాడు లేడు. అయినా అక్కడ పని తగ్గలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. పక్కవాళ్ళ పొలంలో కూలికి వెళ్ళేవాళ్ళు కొందరు సొంత చెక్క మీద పని పెంచుకున్నారు. విత్తనాలు కొన్నారు, మేకలు, గేదెలు కొన్నారు. అంటే అక్కడి పెద్ద రైతుకి కూడా "కూలీలు దొరకట్లేదు" అనే అనిపించి ఉంటాది. కానీ ఊరు మొత్తం మీద చూస్తే పని పెరిగింది.

ఫిన్లాండ్‌లో 2017, 2018లో ఉద్యోగం లేని 2,000 మందికి నెలకి 560 యూరోలు ఇచ్చారు. పని దొరికినా ఆ డబ్బు ఆగదు. వాళ్ళు మిగతా వాళ్ళకన్నా తక్కువేం పని చెయ్యలేదు, కొంచెం ఎక్కువే చేశారు. అలాస్కాలో 1982 నుంచి చమురు డబ్బులో వాటాగా అక్కడ ఉండే ప్రతి మనిషికీ ఏటా కొంత ఇస్తన్నారు. నలభై ఏళ్ళుగా అక్కడ జనం పని చేసుకుంటూనే ఉన్నారు.

ఎదురు లెక్క కూడా చెప్పాలి. అమెరికాలో టెక్సాస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో 1,000 మంది పేదవాళ్ళకి మూడేళ్ళ పాటు నెలకి 1,000 డాలర్లు ఇచ్చి చూశారు. 2024లో లెక్కలు బయటపెట్టారు. వాళ్ళు వారానికి సుమారు గంటా పావు పని తగ్గించారు. అంటే డబ్బు వల్ల పని అసలు తగ్గదు అనడం కూడా అబద్ధమే. కొంచెం తగ్గుతాది. కానీ వారానికి గంటా పావు తగ్గడం వేరు, దేశం మొత్తం సోమరైపోవడం వేరు. ఆ డబ్బు మన రోజుకి 36 రూపాయల లాంటిది కాదని కూడా గుర్తుపెట్టుకోండి.

తాగుడు సంగతి అడుగుతారు. డబ్బు చేతిలో పడితే తాగేసే మనిషి మన ఊళ్ళో లేడని నేను అనను. ఉన్నాడు. పథకాలు లేనప్పుడు కూడా తాగాడు, కూలి డబ్బులతో తాగాడు, చెరుకు డబ్బులతో భూమున్న రైతు కూడా తాగాడు. అందుకే తల్లి ఖాతాలో వెయ్యడం మంచి పని. తాగేవాడు ఒకడున్నాడని తాగని పది ఇళ్ళకి ఆపెయ్యమనడం న్యాయం కాదు.

ఇంతవరకూ చదివి "అయితే పథకాలన్నీ బాగున్నాయా?" అని అడగొచ్చు. లేవు. మనిషి పని మీద ఇష్టాన్ని చంపే విషయాలు వీటిలో ఉన్నాయి. మనం కోప్పడాల్సింది వాటి మీద.

మొదటిది, ఎదిగితే కోత పడే పద్ధతి. చాలా పథకాలకి ఒకే రకం నిబంధనలు. పల్లెల్లో కుటుంబానికి నెలకి 10,000 ఆదాయం దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ట్రాక్టరు, ఆటో, టాక్సీ కాకుండా సొంతానికి నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇప్పుడు ఒక కుర్రాడు కష్టపడి పాత కారు ఒకటి కొన్నాడనుకోండి. అదే రేషన్ కార్డులో ఉన్న వదినకి తల్లికి వందనం పోతాది. కొడుక్కి మంచి జీతం వచ్చిందంటే ఇంట్లో సంతోషం కన్నా ముందు "కార్డు విడగొట్టించుకోండ్రా" అన్న మాట వస్తంది. ఎదిగినందుకు జరిమానా వేస్తే ఎదిగినవాడు దాక్కుంటాడు. బండి బావమరిది పేరు మీద ఉంటాది, ఇంటికి రెండో మీటరు వస్తాది. జనానికి అబద్ధం నేర్పేది ఈ గీత. డబ్బు భరోసాగా ఉంటే మనిషి ధైర్యంగా పనికి వెళ్తాడు. పనికి వెళ్తే డబ్బు పోతాదంటే మాత్రం ఆగిపోతాడు. ఫిన్లాండ్ వాళ్ళు పని దొరికినా డబ్బు ఆపకపోవడంలో అర్థం ఇదే.

రెండోది, కౌలు రైతు సంగతి. ఇది రాయడానికి కొంచెం ఆలోచించాను, మనలో చాలామందికి నొప్పి కలిగించే విషయం కాబట్టి. ఊరికే వచ్చే డబ్బు గురించి మాట్లాడేటప్పుడు అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా పెద్దది కౌలు డబ్బు. భూమి యజమాని విశాఖలోనో, హైదరాబాదులోనో ఉంటాడు. పొలం గట్టు ఎక్కి ఎన్నేళ్ళయిందో. పంట పండినా, తుఫానుకి పోయినా మక్తా మాత్రం లెక్క ప్రకారం ఇచ్చెయ్యాలి. ఆ పైన పీఎం కిసాన్ కూడా ఆయన ఖాతాలోనే పడతాది, పాస్‌బుక్ ఆయనది కాబట్టి. దున్నిన వాడికి సాయం కావాలంటే కౌలు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకి ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టడు, భూమి పోతాదేమో అని భయం. నోటి మాట మీద కౌలు చేసేవాడికి సాయం రాదు, బ్యాంకు అప్పు రాదు, పంట నష్టం వచ్చినా రాదు.

తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే జరిగింది. ఎకరానికి పంటకి 4,000, తరవాత 5,000. ఎన్ని ఎకరాలైనా సరే అన్నారు. పది గుంటల రైతుకి కొంచెం, యాభై ఎకరాల ఆసామికి కట్టలు. దున్నని భూమికి కూడా పడింది. కౌలు రైతుకి పడలేదు.

ఇప్పుడు చెప్పండి. ఊరికే డబ్బు వచ్చి పని మానేసినవాళ్ళ పేర్లు రాయమంటే ఎవరి పేరు ముందు రాయాలి? పింఛను ముసలమ్మ పేరా? పొలం మొహం చూడకుండా మక్తా, సాయం రెండూ తీసుకునే ఆసామి పేరా? ఆయన్ని ఎవరూ సోమరి అనరు. "పుణ్యాత్ముడు, భూమి సంపాదించుకున్నాడు" అంటాం. మన ఊళ్ళల్లో పని మీద మనసు విరిగిపోయిన వాళ్ళని నేను చూశాను. వాళ్ళు ఎక్కువమంది కౌలు రైతులే. తను చెమటోడిస్తే ఇంకొకరికి పడతంది అని కళ్ళ ముందు కనపడినప్పుడు ఎవడికి పని మీద ఇష్టం ఉంటాది?

మూడోది, ఎప్పుడు పడతాదో తెలియని డబ్బు. పేరుకి భరోసా, కానీ తేదీ ఉండదు. విత్తనం జల్లే ముందు రావాల్సింది కలుపు తీసేటప్పుడు వస్తాది. ప్రభుత్వం మారితే పేరు మారతాది, జాబితా మారతాది, మళ్ళీ సచివాలయం చుట్టూ తిరగాలి. పైన ఆర్ల పంచాయతీ కొండ మీద ఊళ్ళ వాళ్ళ సంగతి ఆలోచించండి. రోడ్డు లేక గర్భిణుల్ని ఇప్పటికీ డోలీ కట్టి దించుకొస్తన్న ఊళ్ళు అవి. వేలిముద్ర పడలేదంటే, ఈకేవైసీ అవ్వలేదంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని కిందకి దిగాలి. ఇలా తిరిగితే వచ్చే డబ్బుని ఊరికే వచ్చిన డబ్బు అనడం కూడా తప్పే.

ఇక మన అసలు నొప్పి దగ్గరకి వద్దాం. కూలి పెరిగింది. మన పంట ధర అలా పెరగలేదు. సాధారణ రకం వరికి 2025-26లో మద్దతు ధర క్వింటాకి 2,369. అంటే 75 కిలోల బస్తాకి 1,777 రూపాయలు. ఆ ధర కూడా అందరికీ అందదు, తేమ అని, నూక అని కోతలుంటాయి. చెరుకుకి 2025-26లో కేంద్రం ఇచ్చిన ధర టన్నుకి 3,550, అదీ 10.25 శాతం రికవరీ ఉంటే. రికవరీ 9.5 అంతకన్నా తక్కువ ఉంటే 3,290 పైచిలుకే. దాంట్లో నరుకుడు, మోత, బండి పోగా మిగిలేది ఎంతో మీ అందరికీ తెలుసు. ఆ డబ్బు కూడా నెలల తరబడి బకాయి పడితే ఇంకేముంది? అందుకే కదా మన వైపు చెరుకు తీసేసి సరుగుడు, నీలగిరి వేసేస్తన్నారు.

ఈ నొప్పి నిజం. కానీ దీనికి కారణం కూలి మనిషి కాదు. మనం పైవాళ్ళని అడగలేక, మిల్లరుని అడగలేక, ఫ్యాక్టరీని అడగలేక, కళ్ళ ముందు కనపడే బక్క మనిషి మీద పడతన్నాం. కూలి మనిషికి 500 ఇవ్వలేకపోవడం మన తప్పు కాదు. 300కి ఎందుకు రారు అని తిట్టడం మాత్రం మన తప్పే అవుతాది.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచినవి చెప్తాను.

ఒకటి, సాయం దున్నేవాడికి వెళ్ళాలని మనమే గట్టిగా అడగాలి. మనలో సగంమంది సొంత ఎకరంతో పాటు ఇంకో ఎకరం కౌలుకి చేసేవాళ్ళమే. మన భూమి వేరేవాళ్ళకి ఇచ్చినప్పుడు కౌలు కార్డు మీద సంతకం మనం పెడితే, మన కౌలుకి సంతకం అడిగే హక్కు మనకి వస్తాది. 11 నెలల కార్డుకి భూమి ఎక్కడికీ పోదు.

రెండు, ఆదాయం గీత దాటగానే మొత్తం ఆపెయ్యడం మానాలి. దాటిన వాళ్ళకి రెండు మూడేళ్ళలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అప్పుడు దాచుకునే అవసరం ఉండదు.

మూడు, డబ్బు పడే తేదీ పంట క్యాలెండరు ప్రకారం ముందే ప్రకటించాలి. పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇవ్వగలిగినప్పుడు, రైతు డబ్బు జూన్ మొదటి వారంలో వెయ్యడం కష్టమేం కాదు.

నాలుగు, మనం చెయ్యాల్సింది. పనికి టైము చెప్పాలి. ఎన్ని గంటలకి వదులుతామో ముందే చెప్పి, ఆ టైముకి వదలాలి. కూలి డబ్బులు సాయంత్రమే ఇవ్వాలి, "సంతకి ఇస్తాను" అనకూడదు. ఆడమనిషికీ మగమనిషికీ ఒకే పనికి రెండు రేట్లు పెట్టడం మానాలి. "ఏమే, ఏరా" అనకుండా వరస పెట్టి పిలవాలి. ఇవి చేసే రైతులు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉన్నారు. చూడండి, వాళ్ళకి ఊడుపు ఆలస్యం అవ్వదు. మిగతా వాళ్ళం వరినాటు మిషను, డ్రమ్ సీడరు, లేకపోతే చేబదులు పని, ఈ మూడిట్లో ఏదో ఒకటి నలుగురు కలిసి చేసుకోవాలి. మన తాతలు చేబదులు పనితోనే ఊడ్చుకున్నారు.

చివరిగా ఒక్క మాట. వచ్చే ఖరీఫ్‌లో కూలి దొరకని రోజున మీకు కోపం వస్తాది, నాకూ వస్తాది. ఆ కోపంలో "పథకాలన్నీ ఎత్తెయ్యాలి" అని అనేముందు మీ ఫోనులో పాత మెసేజీలు ఒకసారి చూడండి. మీ ఖాతాలో కూడా డబ్బు పడినట్టు ఉంటాది. ఎత్తేస్తే ముందు మనదే ఎత్తెయ్యమని రాసి ఇద్దామా? ఎవరైనా సిద్ధంగా ఉంటే కింద రాయండి. ఒప్పుకోని వాళ్ళు కూడా రాయండి, తిట్టకుండా రాయండి. మీ ఊరి కూలి రేటు ఎంతో, కౌలు ఎంతో, కౌలు కార్డు ఎంతమందికి ఉందో కూడా రాయండి. ఆ లెక్కలన్నీ ఒకచోట పెడితే మండలంలో అడగడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటాది.

ఉంటాను.